పెరట్లోంచి గొల్లకావడి ఫోటో: చుక్కలు పురుగుల్లా వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

వంశధార_గట్టు (గుణుపురం) | శనివారం రాత్రి 11:50

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ మీ రాతలు చదువుతున్నాను గానీ నోరు విప్పడం ఇదే మొదలు. నాది గుణుపురం, ఎరువుల కొట్టు. మేనకోడలి పెళ్ళికని కొన్న కానన్ 1500డీ బీరువాలో పడుంది.

దీపావళి వెళ్ళిన వారానికి ఒక రాత్రి కరెంటు పోయింది. పెరట్లోకి వెళ్ళి తలెత్తితే మునగచెట్టు పక్కనుంచి గొల్లకావడి (ఇంగ్లీషులో ఓరియన్ బెల్ట్ అంటారు) లేస్తోంది. చిన్నప్పుడు కళ్ళంలో కాపలా పడుకుంటే మా తాత ఆ మూడు చుక్కల్ని చూసే పొద్దు ఎంతయిందో చెప్పేవాడు. అది ఫోటో తియ్యాలని అప్పటినుంచి ఒకటే పురుగు.

ఇవాళ తీశాను. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సే. 55 దాకా జూమ్ చేసి, 30 సెకన్లు, ఐఎస్ఓ (వెలుతురు పట్టే చురుకు) 6400, ఆటోఫోకస్. ఆకాశం బూడిద పూసినట్టు వచ్చింది. చుక్కలు చుక్కల్లా లేవు, నిలవ బియ్యంలో తెల్ల పురుగుల్లా ఉన్నాయి. టెలిస్కోపు కొంటే బాగుపడుతుందా? ఒక పాతిక వేలు పక్కన పెట్టగలను. కొండ మీదకి వెళ్ళి తియ్యమని మాత్రం చెప్పకండి. అటు ఏనుగులు తిరుగుతున్నాయని ఇంట్లో గేటు దాటనివ్వరు. నాకున్నది పెరడే.

దేవమాలి_నీడ (జయపురం) | ఆదివారం ఉదయం 6:15

బాబూ, ముందు ఆ పాతిక వేలు మళ్ళీ బీరువాలో పెట్టెయ్. టెలిస్కోపు కొంటే ఇవే పురుగులు పాముల్లా కనిపిస్తాయి, అంతే.

నువ్వు తీసిన రోజేదో చూసుకున్నావా? కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రాత్రి. పౌర్ణమినాడు చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకి ఆ పేరు. రోజుకో నక్షత్రం చొప్పున రోహిణి, మృగశిర దాటి మూడో రోజుకి ఆరుద్ర దగ్గరకి వస్తాడు. ఆరుద్ర అంటే గొల్లకావడి పైనున్న ఆ ఎర్ర చుక్కే. అంటే సరిగ్గా దీపం పక్కన పెట్టుకుని మిణుగురుల్ని ఫోటో తీశావన్నమాట. బూడిద రంగు అందుకే. పంచాంగం ఇంట్లో ఉంటుందిగా, బహుళ దశమి నుంచి అమావాస్య దాటిన నాలుగో రోజు దాకా నీది. మిగతా రోజులు కొట్టు చూసుకో.

ఇక పురుగులు. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతుంది. నీ కెమెరాలో 50 ఎంఎం లెన్సు పెడితే ఒక్కో పిక్సెల్ కూడా దాదాపు 15 ఆర్క్‌సెకన్లే చూస్తుంది. లెక్క తేలికైపోయింది కదా, సెకనుకి ఒక పిక్సెల్. నువ్వు 55 దగ్గర 30 సెకన్లు తెరిచి ఉంచావు, చుక్క ముప్పై పిక్సెళ్ళ పైన సాగింది. 500 సూత్రం అని చెప్తారు, 500ని లెన్సు పొడవుతోనూ, కానన్ చిన్న సెన్సరుకి 1.6తోనూ భాగించమని. 50 ఎంఎంకి 6 సెకన్లు వస్తుంది. అది ఫిల్ము కాలం నాటి సూత్రం. 24 మెగాపిక్సెళ్ళకి అందులో సగమే నమ్ము. మూడు సెకన్లు.

మూడు సెకన్లలో ఏం వస్తుందని అడుగుతావు. ఒక దానిలో ఏమీ రాదు. మూడు వందలు తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి.

బరంపురం_డాబా (బరంపురం) | ఆదివారం ఉదయం 9:02

గుణుపురంలో కూర్చుని ఆకాశం బాగులేదంటే నేనేం కావాలి అన్నా! మా డాబా మీంచి సప్తర్షుల్లో ఏడుగురూ ఒకేసారి కనపడితే ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాను.

పెద్దాయన మాట కొట్టెయ్యను గానీ, ఈ మూడు వందల ఫోటోల గొడవ లేకుండా స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. నా దగ్గర సీస్టార్ ఎస్50 ఉంది. 50 ఎంఎం లెన్సు, 250 ఎంఎం ఫోకల్ లెంగ్తు. ఫోన్లో పేరు నొక్కితే అదే వెతుక్కుంటుంది, పది సెకన్ల ఫ్రేములు అదే తీసి అదే పేర్చుకుంటుంది. నేను కింద టిఫిను చేసి పైకి వెళ్ళేసరికి ఆండ్రోమెడా గెలాక్సీ మధ్యభాగం తయారు. వీధి దీపాల మధ్యనుంచి!

దేవమాలి_నీడ (జయపురం) | ఆదివారం ఉదయం 10:30

మంచి పరికరమే, కాదనను. నాకు చూపు మందగిస్తే నేనూ అదే కొంటాను. అయితే అతను అడిగింది గొల్లకావడి. మూడు చుక్కలే దాదాపు మూడు డిగ్రీలు పరుచుకుని ఉంటాయి, సీస్టార్ కన్ను ఒకటిన్నర డిగ్రీ కూడా పట్టదు. తాత చూపించింది మొత్తం పట్టాలంటే చిన్న లెన్సే కావాలి.

ఇంకోటి. దాన్ని ధ్రువం వైపు వంచి వాడే పద్ధతి ఉందిగా, ఎక్కువ సేపు ఫ్రేములు తియ్యడానికి. మన అక్షాంశం 19 డిగ్రీలే కాబట్టి అది దాదాపు పడుకున్నంత వాలుతుంది. మా వాడొకడు కాలు సరిగ్గా చూసుకోక డాబా మీద బోర్లా పడేసుకున్నాడు.

ప్రాణహిత_రేవు (సిరొంచ) | ఆదివారం మధ్యాహ్నం 1:40

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీకు ఏనుగులైతే మాకు పులి. చీకటి పడ్డంక ఊరు దాటి ఎవ్వరూ పోరు. గందుకని నేను గూడ వాకిట్లనే తీస్త.

నా దగ్గర కెమెరా లేదు, ఫోను ఒక్కటే. ప్రో మోడ్‌ల 15 సెకన్లు, ఐఎస్ఓ 1600, ఫోకస్ చేత్తోని కొండ గుర్తు దాక జరిపి పెడ్త. ఫోనుకు స్టాండు లేకుండె, రెండు ఇటుకల నడుమ కూసోబెట్టిన. పోయిన వేసవిల తేలు చుక్కలు, పాలపుంత మంచిగనే వచ్చినయి. కెమెరా ఉన్నోల్లే గిట్ల పరేషాన్ అయితే నాకు నవ్వొస్తుంది. ముందు ఫోన్‌తోని తియ్యి తమ్మీ, చెయ్యి కుదురుతది.

వంశధార_గట్టు (గుణుపురం) | ఆదివారం రాత్రి 8:25

చంద్రుడి సంగతి విని సిగ్గేసింది. మా ఇంట్లో పంచాంగం ఉన్నది పెళ్ళిళ్ళకే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

తెలిసిన ఫోటోగ్రాఫర్ దగ్గర 50 ఎంఎం 1.8 లెన్సు వాడినది చవకగా దొరుకుతోంది, తీసుకోనా? ఫోకస్ ఎలా పెట్టాలో కూడా చెప్పండి. చీకట్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుతోందే గాని ఆగదు.

కిమిడి_టీచరమ్మ (పర్లాకిమిడి) | ఆదివారం రాత్రి 9:10

తీసుకోండి బాబూ. మీ 55 దగ్గర ఆ పాత లెన్సు ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). 1.8తో పోలిస్తే వెలుతురు పదో వంతే. కొన్నాక దాన్ని కూడా పూర్తిగా తెరవకండి, మూలల్లో చుక్కలకి రెక్కలొస్తాయి. 2.8 దగ్గర పెట్టండి.

ఫోకస్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే మొదటి రెండు నెలలూ నేను ఏడ్చింది దానికే. లెన్సు మీద మీట ఎంఎఫ్‌కి, అంటే చేత్తో ఫోకస్ పెట్టుకునే వైపుకి, జరపండి. లైవ్ వ్యూ పెట్టి, బాగా వెలిగే చుక్కని తెర మధ్యకి తెచ్చి, పది రెట్లు పెద్దది చెయ్యండి. మొదట కనిపించేది చుక్క కాదు, వణుకుతున్న మసక గుండ్రం, అప్పడంలాగా. రింగుని వెంట్రుకవాసి తిప్పుతుంటే అప్పడం వడియం అవుతుంది, వడియం ఆవగింజ అవుతుంది. ఇంకా తిప్పితే మళ్ళీ అప్పడం. ఆవగింజ కన్నా చిన్నది, గుచ్చినట్టున్న చోట ఆపండి. సరిగ్గా అక్కడికి రాగానే పక్కన అంతవరకూ కనపడని చిన్న చుక్కలు ఒక్కసారి పొడుచుకొస్తాయి. అదే గుర్తు. లెన్సు చివరంటా తిప్పితే అనంతం వస్తుందనుకోకండి, అది దాటిపోతుంది. కుదిరాక రింగు మీద టేపు వేసెయ్యండి. చలి పెరిగాక అది జరుగుతుంది కాబట్టి గంటకోసారి మళ్ళీ చూసుకోవాలి.

ఫోటోలు ‘రా’ ఫైళ్ళుగా (కెమెరా చూసింది చూసినట్టు దాచేవి) తియ్యండి. ఐఎస్ఓ 1600 చాలు, 6400 వద్దు. రెండు సెకన్ల టైమరు పెట్టండి, వేలు తగిలిన ఊపు ఆగుతుంది. మూడు వందల సార్లు నొక్కలేరు గనక వైరు రిమోటు ఒకటి కొనండి, మీ 1500డీలో దానంతటది వరసగా తీసే సదుపాయం లేదు.

వంశధార_గట్టు (గుణుపురం) | తరువాతి శనివారం, రాత్రి 1:20

లెన్సు కొన్నాను. రిమోటు కొన్నాను. వీధి చివర కొత్త తెల్ల ఎల్ఈడీ దీపం నేరుగా పెరట్లోకి కొడుతుంటే బట్టలారేసే తీగ మీద దుప్పటి కట్టాను. ఎదురింటి ఒడియా ముసలాయన, ఈ అర్ధరాత్రి దుప్పటి ఎందుకు ఆరేస్తున్నావని గోడమీంచి అడిగాడు. చెప్తే నమ్మలేదు, వచ్చి కెమెరాలోకి చూసి వెళ్ళాడు.

ఫోకస్ మేడం చెప్పినట్టే వచ్చింది, వడియం, ఆవగింజ, అన్నీ. పదిన్నరకి మొదలుపెట్టి 300 ఫ్రేములు. మొదటి డెబ్భై బ్రహ్మాండం. ఆ తరవాత ఒక్కో చుక్క చుట్టూ వలయం, నూట ఇరవై దాటాక మొత్తం పాలనీళ్ళు. మబ్బేమో అనుకుని తలెత్తితే ఆకాశం నిక్షేపంలా ఉంది. టార్చి వేసి లెన్సు చూస్తే ముందు గాజంతా మంచు. పంచెతో తుడిచేశాను. అలా తుడవకూడదని ఇప్పుడే చదివాను.

ప్రాణహిత_రేవు (సిరొంచ) | ఆదివారం ఉదయం 7:05

పంచెతోనా! గీత పడ్డదా చూస్కో ముందుగాల.

కిమిడి_టీచరమ్మ (పర్లాకిమిడి) | ఆదివారం ఉదయం 8:30

మార్గశిరం వచ్చేస్తోంది, ఇక మాఘం దాకా ఇదే బాధ. గాలి లేని రాత్రుల్లో గాజు ఆకాశం వైపు చూస్తూ చూస్తూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది, తేమ దానిమీదే దిగుతుంది. తుడిస్తే ఐదు నిమిషాల్లో మళ్ళీ వస్తుంది. గాజు కొంచెం వెచ్చగా ఉండాలి, అంతే విరుగుడు. పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటరు పట్టీలు అమ్ముతారు. అది వచ్చేదాకా నేను చేసింది చెప్తాను, నవ్వకండి. రాళ్ళ ఉప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూట కట్టి, మోకాలికి కాపడం పెట్టినట్టు లెన్సు గొట్టానికి చుట్టాను. గాజుకి తగలకూడదు, చేతికి గోరువెచ్చగా మించకూడదు. నలభై నిమిషాలు పనిచేసింది.

తీయడం అయ్యాక కెమెరాని అక్కడే సంచిలో పెట్టి జిప్పు బిగించి ఇంట్లోకి తీసుకెళ్ళండి. వెచ్చటి గదిలో బయటపెడితే లోపల కూడా చెమ్మ పడుతుంది. తెల్లారాక విప్పండి.

ఆ మొదటి డెబ్భై ఫ్రేములు పారెయ్యకండి.

దేవమాలి_నీడ (జయపురం) | ఆదివారం ఉదయం 11:45

ఆవిడ చెప్పింది నిజం, డెబ్భై చాలు మొదటిసారికి. ఫ్రేములు పేరిస్తే సిగ్నలు, అంటే చుక్కల వెలుగు, పెరిగినంత వేగంగా మసక పెరగదు. వర్గమూలం లెక్క. వంద పేరిస్తే పది రెట్లు మెరుగు, 400 పేరిస్తే ఇరవై రెట్లు. అంటే నాలుగింతలు కష్టపడితే రెండింతల ఫలం. వడ్డీ వ్యాపారంలా ఉండదు ఇది.

ఫ్రేములు పేర్చే ప్రోగ్రాములు డీప్‌స్కైస్టాకర్ గానీ సిరిల్ గానీ కంప్యూటర్లోకి దించుకో, రెండూ ఉచితమే. ఆ డెబ్భైతోపాటు లెన్సు మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే మూడు సెకన్లు ఒక పాతిక తియ్యి. వాటిని డార్కులంటారు, సెన్సరు సొంత మచ్చల్ని తీసెయ్యడానికి. పొద్దున్నే ఎండ రాకముందు తెల్ల పంచె రెండు మడతలు లెన్సు మీద కప్పి, ఫోకస్ కదపకుండా తెల్లటి ఆకాశాన్ని పాతిక తియ్యి. అవి ఫ్లాట్లు. మూలల్లో చీకటి పోతుంది. పంచెకి అసలు పని ఇదీ.

జాగ్రత్త ఒకటి. రా ఫైలు పాతిక ఎంబీయే కదా అనుకుంటావు. సిరిల్ లోపల ఒక్కో రంగు ఫ్రేముని 32 బిట్ల ఫైలుగా విప్పితే 280 ఎంబీ దాటుతుంది. 400 ఫ్రేములకి వంద జీబీ పైమాటే. నా లాప్‌టాప్ డిస్కు నిండి రాత్రి రెండింటికి ఆగిపోయింది, నేను పొద్దుటి దాకా అది పనిచేస్తోందనుకుంటూ పడుకున్నాను. వందేసి చొప్పున పేర్చి, ఆ నాలుగూ మళ్ళీ పేర్చు.

నట్టుబోల్టు (రాయగడ) | ఆదివారం రాత్రి 10:00

ఏటండీ ఈ మూడు సెకన్ల గోల, ఎన్నాళ్ళు ఇలాగ? నాలుగు వందల ఫ్రేములంట, వంద జీబీలంట. ఆకాశంతోపాటు కెమెరాని తిప్పీస్తే నిమిషం ఫ్రేము వచ్చీద్ది కదా. ట్రాకరు కొనాలంటే డబ్బులు. చెక్కతో చేసుకుంటే మూడొందలు కూడా కాదు.

ప్లైవుడ్ ముక్కలు రెండు, అడుగు పొడవు. ఒక చివర తలుపు బందు వేసి పుస్తకంలాగ కలపాల. కింది ముక్కకి నట్టు దిగ్గొట్టి అందులోంచి ఆరు ఎంఎం బోల్టు రాడ్డు పైకి ఎక్కించాల. రాడ్డు తిప్పితే పై ముక్క లేస్తది, దానిమీద కెమెరా. కిటుకంతా ఒకే కొలతలో ఉంది: బందు పిన్ను మధ్య నుంచి రాడ్డు మధ్యకి 228 ఎంఎం, ఇంకో అర ఎంఎం. ఎందుకంటే ఆరు ఎంఎం రాడ్డు ఒక చుట్టుకి సరిగ్గా ఒక ఎంఎం ఎక్కుద్ది. 228.5 దగ్గర నిమిషానికి ఒక ఎంఎం లేస్తే అది ఆకాశం తిరిగే వేగమే. మోటారు అక్కర్లేదు, గడియారం చూసి నిమిషానికి ఒక చుట్టు. రాడ్డు అడుక్కి ప్లాస్టిక్ సీసా మూత అంటించి నాలుగు గీతలు గీయండి, 15 సెకన్లకి ఒక గీత. రాడ్డు తిన్నగా ఉంటది గాబట్టి సేపయ్యే కొద్దీ తప్పుద్ది, పది నిమిషాలకోసారి వెనక్కి తిప్పీసి మొదలెట్టండి.

ఉత్తరం ముఖం పెట్టి నిలబడితే బందు ఎడం చేతివైపుండాల. ఉల్టాగా పెట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నోడు చెప్తున్నాడు.

వంశధార_గట్టు (గుణుపురం) | ఆదివారం రాత్రి 10:40

అన్నా, ఇది నేను చెయ్యగలను! కొట్టు పక్కనే హార్డ్‌వేరు షాపు. కాని బందుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి కదా. నాకు అది ఎప్పుడూ కనపడలేదు. ఇప్పుడు సాయంత్రాలు సప్తర్షులు కూడా లేరు వెతకడానికి.

కిమిడి_టీచరమ్మ (పర్లాకిమిడి) | సోమవారం సాయంత్రం 6:20

ఈ నెలల్లో ఉత్తరాన ఎం అక్షరంలా ఐదు చుక్కలుంటాయి, కాసియోపియా. అక్కడినుంచి కిందికి దిగండి. మనకి ధ్రువుడు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అక్షాంశం ఎంతో అంతే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. నేల నుంచి రెండు పిడికిళ్ళు, అంతే ఎత్తు. ఒంటరిగా, మామూలు వెలుగుతో ఉంటుంది. అది ఆకాశంలో అన్నిటికన్నా పెద్ద చుక్క అనుకుని వెతికేవాళ్ళకి ఎప్పటికీ దొరకదు.

పిల్లలకి మన ఒడిశా ఖగోళ పండితుడు పఠాణి సామంత పాఠం చెప్పేటప్పుడు నాకు తట్టింది ఇది. ఖండపడాకి చెందిన ఆయన 1904లో పోయేదాకా వెదురు గొట్టాలూ కర్రముక్కలతోనే గ్రహాల లెక్కలు కట్టారు. టెలిస్కోపు కొనడానికి పాతిక వేలు లేని మనిషి! నేను నా చెక్క ట్రాకరు బందుకి సమాంతరంగా సన్నటి వెదురు గొట్టం కట్టాను. 20 సెంటీమీటర్ల పొడవు, 6 ఎంఎం బొక్క. అందులోంచి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు ఆకాశమే కనిపిస్తుంది, ధ్రువుడు అందులో పడితే చాలు. అసలు ధ్రువానికి ఆ చుక్క ముప్పాతిక డిగ్రీ లోపే ఉంటుంది. మొత్తం కలిపి ఒక డిగ్రీ తప్పినా 50 ఎంఎంలో నిమిషానికి ఒక పిక్సెల్ సాగుతుంది, కంటికి ఆనదు.

బరంపురం_డాబా (బరంపురం) | సోమవారం రాత్రి 7:15

మాకు ఉత్తరాన ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది టీచరుగారూ. ధ్రువుడు మూడో అంతస్తులో కాపురముంటున్నాడు.

దేవమాలి_నీడ (జయపురం) | సోమవారం రాత్రి 9:00

దిక్సూచి పెట్టుకో. మన ప్రాంతంలో అది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ డిగ్రీ లోపే తేడా. ఎత్తుకి ఫోన్లో కోణం చూపించే యాప్‌తో 19 పెట్టు. ఇనప కటకటాల పక్కన నిలబడి మాత్రం చూడకు.

ఉత్తరం ఇంత దిగువన ఉందని ఏడవకండి, దానికి బదులు దక్షిణం మనకి తెరిచి ఉంది. ఒమేగా సెంటారీ అనే తారాగుచ్ఛం లండన్‌లో ఎప్పటికీ ఉదయించదు. మనకి చైత్ర వైశాఖాల్లో దక్షిణాన 23 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. చెక్క ట్రాకరు మీద 50 ఎంఎం చాలు, దూదిపింజలా పడుతుంది. చిక్కల్లా ఆ నెలల్లో పోడు మంటలు, ఇప్పచెట్ల కింద ఆకులు తగలెయ్యడం. కోరాపుట్ కొండలన్నీ పొగ. మొదటి వాన పడి వెలిసిన రాత్రి కోసం కాచుకుని కూర్చోవాలి.

వంశధార_గట్టు (గుణుపురం) | నాలుగు వారాల తరువాత, రాత్రి 12:35

ఫోటో జత చేశాను. ముందు పాత పద్ధతిలో, ట్రాకరు లేకుండా మూడు సెకన్లవి 300. ఐదు నిమిషాలకోసారి కెమెరాని కొంచెం పడమటికి జరుపుకుంటూ. ఉప్పు మూట రెండుసార్లు వేయించాల్సొచ్చింది, రెండోసారి మా ఆవిడే వేయించి తెచ్చింది.

పేర్చాక తెర మీద మొదట అంతా నలుపే. ఏమీ లేదనుకున్నాను. ప్రోగ్రాములో వెలుగు సర్దే హిస్టోగ్రాము మీట కొంచెం కొంచెం లాగుతుంటే మూడు చుక్కల కింద గులాబీ రంగు మరక ఒకటి తేలింది. ఓరియన్ నెబ్యులా. 1,300 కాంతి సంవత్సరాల దూరమంట. మా తాత కావడి కింద కుండ వేలాడుతోందని చెప్పేవాడు, అది ఇదేనేమో.

ఎదురింటి ముసలాయన ప్రింటు ఒకటి కావాలన్నాడు.

చెక్క ట్రాకరు కూడా చేశాను, కాని అది మాత్రం కుదరలేదు. సాయంత్రం కొట్లో తిప్పి చూస్తే వెన్నలా తిరిగింది. రాత్రి పెరట్లో పెట్టి తిప్పితే ప్రతి పావు చుట్టుకీ బిగుసుకుపోయి ఒక్కసారి ఎగురుతోంది. నిమిషం ఫ్రేములో ఒక్కో చుక్కా నాలుగు ముక్కలు. కొలత 228.5 సరిగ్గానే ఉంది, మూడుసార్లు చూశాను.

ప్రాణహిత_రేవు (సిరొంచ) | ఉదయం 6:40

ఫోటో జబర్దస్త్ ఉంది తమ్మీ. మా ఇంట్ల అందరికి చూపెట్టిన.

నట్టుబోల్టు (రాయగడ) | ఉదయం 7:30

రాడ్డుకి ఏం నూనె వేశావు?

వంశధార_గట్టు (గుణుపురం) | ఉదయం 7:42

కొబ్బరినూనె.

నట్టుబోల్టు (రాయగడ) | ఉదయం 7:44

ఓరి బాబూ. సీసాలోదే చలికి గడ్డకట్టీద్ది, మరలో ఊరుకుంటదా? కిరసనాయిలుతో కడిగీసి కుట్టుమిషను నూనె వెయ్యి. ఇవాళ దశమే, ఇంకా రాత్రులున్నాయి.